నాలుగు వేళ్ల సందు

ఆగి ఉన్న కారుని పక్కనుంచి చూస్తే టైరు నెత్తికీ మడ్‌గార్డు కమానుకీ మధ్య కాస్త ఖాళీ కనిపిస్తుంది. మీరూ నేనూ దాన్ని పట్టించుకుని ఎరగం. పట్టించుకున్నా అక్కడొక లోపం ఉందనీ, దానివల్ల మన పరువు పోతోందనీ మనకి తట్టదు. కార్ల పిచ్చి పట్టిన కుర్రాడికి మాత్రం కారులో మొట్టమొదట కనబడేది అదే. ఇంజన్ సంగతి తర్వాత, రంగు సంగతి తర్వాత. ముందు గొంతుక్కూర్చుని ఆ సందులోకి అరచెయ్యి అడ్డంగా దూరుస్తాడు. నాలుగు వేళ్లూ పడితే మొహం అదోలా పెడతాడు. మూడు పడితే ఫరవాలేదంటాడు. రెండే పడితే తల పంకిస్తాడు. ఒక్క వేలు కూడా దూరకపోతే ఆ కారు యజమానికి మనసులోనే సాష్టాంగపడతాడు.

ఎవరి వేళ్లు అని అడగకూడదు. ఇంజన్ లోపల మిల్లీమీటరులో వందోవంతు దాకా లెక్క చూసే యంత్రాన్ని ఇక్కడికొచ్చేసరికి వేళ్లతో కొలుస్తారు. నా వేళ్లు నాలుగూ ఆనించి పెడితే ఏడు సెంటీమీటర్లు. మా తెనాలి టైర్ల షాపాయనవి తొమ్మిది. ఆయన చేత్తో కొలిస్తే చాలా కార్లు పుట్టుకతోనే స్టైలుగా ఉన్నాయి.

మా మేనల్లుడి స్విఫ్టు, నా వేళ్ల ప్రకారం, నాలుగు వేళ్ల కారు. వాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకుంటూ, 2018లో వచ్చిన తరం స్విఫ్టు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాడు. మంచి కండిషన్. నేలకీ కారు పొట్టకీ మధ్య కంపెనీ లెక్క ప్రకారం 163 మిల్లీమీటర్లు. మా అమ్మ, అంటే వాడి అమ్మమ్మ, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుని, "ఎక్కడానికీ దిగడానికీ హాయిగా ఉందిరా" అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ మాటే కొంప ముంచింది. అమ్మమ్మకి హాయిగా ఉన్న కారుని వాడు స్నేహితుల ముందు ఏ మొహం పెట్టుకుని తిప్పాలి?

నెల తిరక్కుండా స్ప్రింగులు మార్పించేశాడు. కంపెనీవి తీసేసి, కారుని 40 మిల్లీమీటర్లు కిందికి దించే పొట్టి స్ప్రింగులు నాలుగు వేయించాడు. చక్రం ఉన్నచోటే ఉంటుంది, బాడీ వచ్చి దానిమీదికి దిగుతుంది. సందు రెండు వేళ్లకి వచ్చింది. ఫోటోలు పంపాడు. పక్కనుంచి తీసినవి, రోడ్డుమీద పడుకుని తీసినవి, నల్లద్దాలు పెట్టుకుని తను దానికి ఆనుకున్నవి. నిజం చెప్పొద్దూ, కారు అందంగానే ఉంది. ఆగి ఉన్నంతసేపూ.

ఆ తర్వాత అది కదిలింది. మా అక్కనీ బావనీ, కూతురి దగ్గర నెలరోజులుండి వస్తున్న మా అమ్మనీ ఎక్కించుకుని మా ఊరు బయల్దేరాడు. విజయవాడ హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర, అన్ని టోలుగేట్లూ ఫాస్టాగ్ డబ్బు కోసుకుని మర్యాదగా సాగనంపాయి. రోడ్డు నున్నగా ఉంటే దించిన కారు బాగా నడుస్తుంది, ఆ మాట వాడి తరఫున చెప్పి తీరాలి. బరువు నేలకి దగ్గరవుతుంది కాబట్టి మలుపుల్లో ఊగదు. విజయవాడ దాటి దుగ్గిరాల మీదుగా తెనాలి దారి పట్టాక, అందులోంచి మా ఊరి రోడ్డులోకి తిరిగాక, అసలు కథ.

మా వైపు స్పీడ్ బ్రేకరంటే ప్రభుత్వం వేసేది కాదు, ఎవరి గుమ్మం ముందు వాళ్లు వేయించుకునేది. కోడిపెట్ట బండి కింద పడిందని ఒకటి, మనవడు సైకిలు నేర్చుకుంటున్నాడని ఒకటి, ఎదురింటాయన వేయించుకున్నాడు గనక మనకేం తక్కువని ఒకటి. మొదటిదాని మీద కారు పొట్ట బర్రున గీరుకుంది. ఆ చప్పుడుకి కారుకన్నా మా బావకి ఎక్కువ నొప్పి కలిగింది, ఎందుకంటే అందులో సగం డబ్బు ఆయనది. రెండోదాని దగ్గర్నుంచి పద్ధతి మారింది. కారు ఆపడం, అందరూ దిగడం, వాడు కారుని ఏటవాలుగా పెట్టి ఒక్కో చక్రాన్నీ బతిమాలుకుంటూ దాటించడం, అవతల అందరూ మళ్లీ ఎక్కడం. వెనక ఆర్టీసీ బస్సు హారన్. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి సలహాలు.

ఊరి పొలిమేర దగ్గర మా అమ్మ ఒకచోట దిగి మళ్లీ ఎక్కలేదు. తర్వాతి బ్రేకరు కళ్లెదురుగానే ఉంది, అక్కడెలాగూ దిగాలి గదా అని అలాగే నడుచుకుంటూ వచ్చేసింది. అందరికంటే ముందు ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, "వాళ్లు కారులో వస్తున్నారు, కాస్త ఆలస్యమవుతుంది" అని మాకు కబురు చెప్పింది.

తిరుగు ప్రయాణంలో డిక్కీలో బియ్యం బస్తా, కాళ్ల దగ్గర ఆవకాయ జాడీ, మా అక్క ఒళ్లో అరటిగెల. రెండు వేళ్ల సందు అన్నది ఖాళీ కారు లెక్క. మనుషులూ బియ్యమూ ఎక్కాక అందులో ఎంత మిగిలిందో నేను కొలవలేదు, చెవులకే తెలిసింది. మా వీధి చివర స్టీరింగు పూర్తిగా తిప్పగానే పర్ర్‌మని చప్పుడు, ఆ వెంటనే మాడిన రబ్బరు కంపు. అరుగు మీద కూర్చున్న మా అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఇవాళ బందా? ఎక్కడో టైర్లు తగలబెడుతున్నారు" అంది.

అప్పుడు తెలిసింది వాడికి, ఆ సందుకి ఒక ఉద్యోగం ఉందని. గుంటలో పడ్డప్పుడూ గతుకు ఎక్కినప్పుడూ చక్రం పైకి లేవాలి, లేవడానికి చోటుండాలి. ముందు చక్రాలు పక్కకి తిరగాలి, వాటికి మరికాస్త చోటుండాలి. ఇద్దరు మనుషులకీ అయిదుగురు మనుషులకీ మధ్య తేడా కూడా ఆ సందులోనే సర్దుకోవాలి. కారుని గీసినవాడు ఆ నాలుగు వేళ్లలో మా బంధువర్గాన్నంతా పెట్టాడు. మావాడు అందులోంచి సగంమందిని బయటికి తోసేశాడు.

హైదరాబాదులో వాడి స్నేహితుడి స్నేహితుడిదొక టైర్ల షాపు. ఆయన చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "టైరు తగుల్తోందా బాబూ? చిన్నది వేసేద్దాం, తగలదు" అన్నాడు. ఇంతకంటే సులువైన మాట లోకంలో లేదు. చెప్పు కరుస్తోందంటే కాలు కొయ్యమనలేదు, అంతవరకు నయం. పాత టైర్లు 185/65 ఆర్ 15. ఆయన వేసినవి 195/50 ఆర్ 15. రిమ్ములు పాతవే. టైరు తగలడం మానేసింది. పైగా పది మిల్లీమీటర్లు వెడల్పు పెరిగిందని మావాడు ఆ పూట అన్నం తినకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడట.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ అంకెలు నా కంటపడ్డాయి. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. కారు నడపడం నాకు రాదు, కానీ గుణించడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ సైజు రాసే పద్ధతి చూసి ముందు నేనే కాసేపు ఆశ్చర్యపోయాను. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే మిల్లీమీటర్లు కావు, శాతం. వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే రిమ్ము అంచునుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు. 15 మళ్లీ అంగుళాలు, రిమ్ము అడ్డకొలత. తులాల్లో బంగారం, గజాల్లో స్థలం, లీటర్లలో పాలు కొనే ఇంట్లో పుట్టినవాడికి ఇది వింతగా ఉండకూడదు. మావాడికి ఉంది.

"ఇందులో టైరు ఎత్తు ఏదిరా?" అన్నాను.

"అది రాయరు మావయ్యా."

"రాయకపోతే లెక్క కట్టుకోవాలి."

అరుగు మీదే సుద్దముక్కతో మొదలుపెట్టాం. 185లో 65 శాతం 120.25. పైనొకటి కిందొకటి, 240.5. నడుమ 15 అంగుళాల రిమ్ము, 381. మొత్తం 621.5 మిల్లీమీటర్లు. ఇది కంపెనీ టైరు నిలువెత్తు. ఇప్పుడు కొత్తది. 195లో సగం 97.5, రెండు వైపులా కలిపి 195, రిమ్ము అదే 381, మొత్తం 576. అంటే 45.5 మిల్లీమీటర్లు కురచ. అందులో సగం, దగ్గర దగ్గర 23, ఇరుసు కిందికి దిగింది. ఇరుసు దిగితే దాన్ని నమ్ముకున్న కారంతా దిగుతుంది. 163లో స్ప్రింగులు తిన్నది 40, టైర్లు తిన్నది 23. మిగిలింది 100.

"వంద కూడా బాగానే ఉంది గదా" అన్నాడు. పరీక్షల్లో వచ్చినట్టు సంతోషించాడు.

"ఉంది. ఇప్పుడు వెళ్లి సందు కొలిచి చూడు."

వెళ్లి చెయ్యి దూర్చాడు. చాలాసేపు లేవలేదు. ఇరుసుకీ బాడీకీ మధ్య ఏమీ మారలేదు, టైరు నెత్తి మాత్రం 23 మిల్లీమీటర్లు కిందికి పోయింది. ఆ మేరకి సందు పెరిగింది. రెండు వేళ్లు కాస్తా మూడయ్యాయి. సందు తగ్గించడానికి స్ప్రింగులకి డబ్బు పోశాడు, టైరు తగులుతోందని టైర్లకి డబ్బు పోశాడు, రెండు ఖర్చులూ కలిపి వాడికి దక్కింది ఒక్క వేలు. ఆ ఒక్క వేలి కోసం పొట్ట కింద 63 మిల్లీమీటర్లు సమర్పించుకున్నాడు.

దించిన కారు టైర్ల వ్యవహారంలో తిరకాసంతా ఇదే. స్ప్రింగులు మార్చినవాడు పొట్ట ఎత్తు ఇచ్చి సందు తగ్గించుకుంటాడు, నచ్చినా నచ్చకపోయినా అదొక బేరం. కురచ టైరు వేసినవాడు పొట్ట ఎత్తు ఇచ్చి సందు పెంచుకుంటాడు. అది బేరం కూడా కాదు, ఉభయభ్రష్టత్వం. దించాలని సరదా ఉన్నవాడు టైరు నిలువెత్తుని కంపెనీ ఎత్తుకి దగ్గరగా నిలుపుకోవాలి. మూడు శాతం అటూఇటూ అయితే ఫరవాలేదని అనుభవజ్ఞుల మాట. మావాడిది ఏడు శాతం పైన కురచ. మూడు వేళ్లు చూసి వాడికొచ్చిన మొదటి ఆలోచన ఏమిటో ఊహించండి.

"మావయ్యా, ఇంకో ఇరవై దించితే సెట్టయిపోతుంది గదా?"

అయినా వాడు పూర్తిగా ఓడిపోలేదు. జేబులోంచి ఒక తురుపు ముక్క తీశాడు. "నువ్వెన్నయినా చెప్పు, ఈ టైర్లు వేశాక మైలేజి పెరిగింది. ఇదివరకు లీటరుకి 18 వచ్చేది, ఇప్పుడు 19 దాటుతోంది."

నేను ఆ మాట విని చాలా సంతోషించాను. లెక్కల మాస్టారికి ఇలాంటి అవకాశం తరచూ రాదు. కారు మీటరు రోడ్డుని చూడదు, చక్రం తిరిగిన చుట్లు లెక్కపెడుతుంది. చుట్టుకింత అని కంపెనీవాళ్లు దానికి ముందే నూరిపోసి ఉంచుతారు. పాత టైరు చుట్టుకి 1.95 మీటర్లు వెళ్లేది, కొత్తది 1.81 వెళుతుంది. ఈ మార్పు మీటరుకి ఎవరూ చెప్పలేదు. పాపం అది పాత లెక్కే వేసుకుంటూ కూర్చుంది. కారు నిజంగా 100 కిలోమీటర్లు వెళితే దాదాపు 108 అని రాస్తోంది. హైదరాబాదునుంచి విజయవాడ 275 కిలోమీటర్లు అనుకుంటే మీటరులో 297 పడుతుంది, అదే పెట్రోలుతో. 18ని 1.08తో గుణిస్తే 19.4. ఇదీ వాడి మైలేజి రహస్యం. పెట్రోలు ఆదా అయింది లేదు, దూరం ఉబ్బింది.

"మొన్న హైవే మీద 130 కొట్టాను" అన్నాడు, గొంతు కాస్త తగ్గించి.

"నూట ఇరవైరా" అన్నాను.

మొహం పాలిపోయింది. మైలేజి పోయినందుకు బాధపడలేదు గానీ ఈ పదికి మాత్రం బాధపడ్డాడు. ఇంకో సంగతి కూడా చెప్పాను. కారు అమ్మే రోజున మీటరులో అది వెళ్లని కిలోమీటర్లు కూడా కలిపి ఉంటాయి. సెకండ్‌హ్యాండు కార్ల బజారులో కిలోమీటర్లు తగ్గించి చూపినవాళ్ల కథలు విన్నాం. సొంత డబ్బు పెట్టి పెంచుకున్నవాడు మా వంశంలోనే ఉన్నాడు.

టైరు మీద సైజు పక్కనే ఇంకో చిన్న అంకె ఉంటుంది, ఎవరూ చదవరు. బరువు సూచీ అది. పాత టైరు మీద 88, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. కొత్తదాని మీద 82, అంటే 475. తేడా 85 కిలోలు. అది అక్షరాలా నా బరువు. చక్రానికొక మావయ్య చొప్పున నలుగురు మావయ్యల్ని మోసే శక్తి కారులోంచి పోయింది. "అయితే నువ్వు ఎక్కకు" అన్నాడు వాడు. కుర్రవాళ్లకి సమస్యలు పరిష్కరించడం త్వరగా వస్తుంది.

ఇంతకీ ఈ సరదాకి మావాడు ఆద్యుడేమీ కాదు. కాలిఫోర్నియాలో మెక్సికన్ సంతతి కుర్రాళ్లు మా నాన్నగారి కాలంలోనే డిక్కీలో ఇసకబస్తాలు పెట్టుకుని కార్లు కుంగదీసుకుని తిరిగారు. అక్కడి ప్రభుత్వం 1958లో ఒక చట్టం తెచ్చింది. మార్పులు చేసిన కారులో ఏ భాగమూ రిమ్ము అడుగు అంచుకంటే కిందికి వేలాడకూడదు. తెలివైన చట్టమే. టైరులో గాలి మొత్తం పోయినా కారు రిమ్ము మీద నిలబడాలి గానీ పొట్టమీద కూలబడకూడదు. మరుసటి ఏడాదే రాన్ ఆగిరె అనే ఆయన తన కార్వెట్‌కి హైడ్రాలిక్ పంపులు బిగించి దానికి విరుగుడు కనిపెట్టాడు. మీట నొక్కితే కారు లేస్తుంది, పోలీసు వెళ్లిపోగానే కూర్చుంటుంది. ఆ చట్టాన్ని అరవయ్యేళ్లు పైన అలాగే ఉంచి, 2024 జనవరి 1 నుంచి ఎత్తేశారు.

ఎత్తేసినా మావాడి కేసు ఆ చట్టం కింద విచారించాలని నాకు ముచ్చట వేసింది. రిమ్ము అడుగు అంచు నేలకి 97.5 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. కారు పొట్ట, దశాంశాలతో సహా, 100.25. రెండుముప్పావు మిల్లీమీటర్ల తేడాతో నిర్దోషి. "చూశావా, అమెరికాలో అయితే నేను లీగల్" అని కాలరెగరేశాడు. అవును, ఒంటరిగా ఉంటే. వాళ్లమ్మా నాన్నా ఎక్కి కూర్చున్న క్షణంలో నేరస్థుడు.

అమెరికా ఎందుకు, మన మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. ప్రమాదం జరిగితే బీమావాళ్లు ముందు వెతికేది ఇలాంటివే. మా బావ ఇది విన్నాక ఆ పూటంతా మాట్లాడలేదు.

సాయంత్రం మా అమ్మ అసలు ప్రశ్న అడిగింది. "ఇంతకీ తప్పు కారుదా, రోడ్డుదా?"

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 1934 నుంచీ ఉంది. రోడ్డుమీద ప్రతిదానికీ అది కొలతలు రాసిపెట్టింది. స్పీడ్ బ్రేకరుకి కూడా. అడ్డంగా 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో గీసిన వంపు, గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో దాటేలాగ. 3.7 మీటర్లంటే మా వాకిలంత. స్విఫ్టు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.45 మీటర్లే కాబట్టి కారు మొత్తం ఆ గుట్ట మీదే నిలబడుతుంది. లెక్క కడితే రెండు చక్రాల నడుమ గుట్ట పైకి పొడుచుకొచ్చేది 44 మిల్లీమీటర్లు. మావాడి వంద మిల్లీమీటర్ల కారు కూడా, మెల్లగా పోతే, అమ్మమ్మని దించకుండా దాటేస్తుంది.

కానీ ఆ కొలతలతో కట్టిన బ్రేకరు మా మండలంలో ఎక్కడుందో వెతకాలి. మా దారిలో ఉన్నవి అడుగున్నర వెడల్పు, ఆరంగుళాల ఎత్తు. వెడల్పు లేని గుట్ట రెండు చక్రాల మధ్య ఇమిడిపోతుంది, దాని ఎత్తంతా పొట్టకే తగులుతుంది. ఆరంగుళాలంటే 152 మిల్లీమీటర్లు. కంపెనీవాళ్లు 163 ఎందుకిచ్చారో అప్పుడు మా బావకి కూడా బోధపడింది. వాళ్లు రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం చూసి కాదు, మా ఊరి మేస్త్రీని చూసి కారు గీశారు.

"అయితే కారూ తప్పే, రోడ్డూ తప్పే" అంది మా అమ్మ, వత్తులు చేసుకుంటూ. "కారయితే మన చేతిలో ఉంది."

ఇక సరైన సైజు. మొదట ఆధారం కావాలి. కంపెనీ ఇదే స్విఫ్టుకి కింది మోడళ్లలో 165/80 ఆర్ 14 వేసింది, పై మోడళ్లలో 185/65 ఆర్ 15. చూడ్డానికి ఎక్కడా పొంతన లేని అంకెలు. లెక్క కడితే మొదటిది 619.6, రెండోది 621.5. రెండు మిల్లీమీటర్లు కూడా తేడా లేదు. రిమ్ము పెరిగితే రబ్బరు తగ్గాలి, నిలువెత్తు కదలకూడదు. ఇది చూపించాక మావాడు మొట్టమొదటిసారి నా చేతిలోంచి సుద్దముక్క లాక్కున్నాడు. 16 అంగుళాల రిమ్ముకి 195/55 వేస్తే? 107.25 రెండింతలు 214.5, రిమ్ము 406.4, మొత్తం 620.9. ఆరు మిల్లీమీటర్లు కాదు, అర మిల్లీమీటరు పై చిల్లర తేడా. బరువు సూచీ 87, అంటే 545 కిలోలు, మావయ్యలందరూ వెనక్కి వచ్చేశారు, తలా పదిహేను కిలోలు తగ్గి. ఈ అంకెలు అంత చక్కగా కలిసినందుకు నాకు కళ్లు చెమర్చాయంటే మా ఆవిడ నమ్మలేదు.

వాడి చూపు మాత్రం 17 మీద ఉంది. 205/45 ఆర్ 17. దాని నిలువెత్తు 616.3, అదీ హద్దులోనే. కాదనడానికి లెక్క లేదు, గుంటలున్నాయి. సైడ్‌వాల్ 92 మిల్లీమీటర్లే. వానాకాలంలో హైదరాబాదు రోడ్డుమీద నీళ్లు నిలిచిన గుంటలో పడితే ముందు దెబ్బ తినాల్సిన రబ్బరు లేక రిమ్మే తింటుంది. అలాయ్ రిమ్ము సొట్టపడితే ఎంత అవుతుందో ఒకసారి షాపుకి ఫోన్ చేసి కనుక్కోమన్నాను. కనుక్కున్నాడు. 16కి ఒప్పుకున్నాడు.

తెనాలి షాపాయన దగ్గరికి వెళ్లాం. కారుకున్న కురచ టైర్లు ఊడదీసి చూపించాడు. బయటివైపు గీతలన్నీ నిక్షేపంగా ఉన్నాయి, లోపలి అంచు మాత్రం బోడిగా ఉంది. కారు దించితే ముందు చక్రాల నెత్తులు లోపలికి వాలతాయి, అలైన్‌మెంటు మళ్లీ సరిచేయించకపోతే లోపలి అంచే అరిగిపోతుంది. బయటినుంచి చూసేవాళ్లకి ఏమీ తెలియదు. "మాస్టారూ, ఇంకో పదిరోజులు తిప్పితే తీగలు బయటికొచ్చేవి" అన్నాడాయన, ఏదో శుభవార్త చెబుతున్న ధోరణిలో.

అక్కడ మరో ప్రలోభం గోడకి వేలాడుతోంది. ఏడంగుళాల వెడల్పు రిమ్ములు, వెనక 35 అని ఆఫ్‌సెట్ అంకె. రిమ్ము నట్ట నడుమనుంచి, అది హబ్బుకి ఆనే చోటు ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపుకి ఉందో చెప్పేది ఆ అంకె. 45 ఉన్న ఆరంగుళాల రిమ్ము తీసి ఇది పెడితే, వెడల్పు వల్ల 12.7, ఆఫ్‌సెట్ వల్ల 10, మొత్తం 22.7 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. టైరు సైజు ఎంత సరిగ్గా ఎంచుకున్నా మడ్‌గార్డు అంచు వెళ్లి దాని భుజం కోస్తుంది. మావాడు ఆ రిమ్ముల్ని చూసిన చూపు వర్ణించను, పెళ్లికావలసినవాడు. ఆఫ్‌సెట్ పాతదానికి దగ్గరగా ఉన్నవే తీసుకున్నాం.

స్ప్రింగుల దగ్గర బేరం జరిగింది. కంపెనీవి వెయ్యమని నేను, ఉన్నవే ఉంచుతానని వాడు. చివరికి 40 పోయి 25 దించేవి వచ్చాయి. కుర్రాడి మనసు కూడా చూడాలి గదా అని మా అక్క తీర్పు. పొట్ట కింద 138 మిల్లీమీటర్లు, సందు నా వేళ్లతో రెండున్నర.

షాపాయన వెళ్లిపొమ్మన్నాడు గానీ నేను ఊరుకోలేదు. ఖాళీ కారుని చూసి ఏ టైరూ సరిపోయిందనకూడదు. ఇంటికొచ్చాక మా అక్క, బావ, మా ఆవిడ వెనక సీట్లో, నేను ముందు, డిక్కీలో బియ్యం బస్తా. ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం చెరొక ఇటుకల ఎత్తు మీదికి ఎక్కించి, స్టీరింగు ఇటు చివరికీ అటు చివరికీ తిప్పించాం. దించిన కారుకి ఇదే అగ్నిపరీక్ష, ఇందులో తగలకపోతే రోడ్డుమీద తగలదు. వీధిలో జనం మూగారు. కారు చెడిపోయిందేమోనని ఇద్దరు తొయ్యడానికి వచ్చారు. మా అమ్మ అరుగు మీద కూర్చుని వాసన చూడ్డానికి నియమితురాలైంది.

"ఏం లేదు, తిప్పండి" అంది.

ఆ ఆరంగుళాల బ్రేకర్ల దగ్గర ఇప్పటికీ దిగుతున్నారు. మిగతావి దిగకుండానే దాటుతున్నారు. ఎక్కి దిగడంలో అమ్మకి మునుపటి హాయి లేదు గానీ నడిచి రావలసిన అవసరం తప్పింది.

మొన్న ఫోన్ చేశాడు. గొంతులో అభియోగం వినిపించింది.

"మావయ్యా, నువ్వు చెప్పిన టైర్లు వేశాక మైలేజి 19.4 నుంచి 18కి పడిపోయింది."

మళ్లీ మొదటినుంచీ చెప్పాను. చుట్టుకొలత, మీటరు, ఉబ్బిన దూరం, అన్నీ. ఓపిగ్గా విన్నాడు.

"అర్థమైందా?"

"అర్థమైంది. కానీ పడింది గదా."

వెనకనుంచి మా బావ గొంతు వినబడింది. లీటరుకి 1.4 కిలోమీటర్లు, నెలకి ఇన్ని లీటర్లు, ఏడాదికి ఇంత అని ఆయన అప్పటికే లెక్క కట్టి ఉంచాడు. గుణకారం ఎక్కడా తప్పులేదు. ఆ డబ్బు పండక్కి వచ్చినప్పుడు నా దగ్గర తీసుకుంటారట.